కుడికి తిరగని కారు

ఆ రోజుల్లో కారు కొనడానికి ఒక్కరే వెళ్ళేవారు కాదు. ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, సంబంధం చూడటానికి వెళ్ళినట్టే వెళ్ళేవాళ్ళం. పిల్ల నచ్చకపోతే మంచినీళ్ళు తాగి వచ్చేస్తాం కదా, కారు నచ్చకపోయినా అంతే. ఇప్పుడు అలా లేదు. మొన్న మా మనవడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, "నానమ్మా, సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారొకటి దొరికింది, బిల్కుల్ సస్తా, చాలా చవక. కంపెనీవాళ్ళు ఈ మోడల్ బంద్ చేసేశారు, అందుకని. తీసుకోనా?" అన్నాడు. నాకు చదువు స్టేషను బోర్డు కూడబలుక్కునేంతే వచ్చు. (ఈ మాటలు కూడా నేను చెప్తుంటే ఒకరు రాస్తున్నారు, మధ్యలో నవ్వొద్దని చెప్పాను.) కానీ తయారు చెయ్యడం మానేసిన చిన్న కారును కొని, దానితో కాపురం చేసినదాన్ని నేను. దాని గుట్టు తెలిసిన మిగతావాళ్ళంతా ఇప్పుడు ఫొటోల్లో ఉన్నారు. కాబట్టి ఇక నేనే చెప్పాలి.

అప్పటికి నేను శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా బిలాస్‌పూర్ వచ్చి ఏడాది కాలేదు. మా మావగారు ఇంజన్ డ్రైవరు. బొగ్గింజన్‌లో నిప్పు ఎగదోసే పనితో మొదలుపెట్టి, డీజిల్ దాకా వచ్చి, రిటైరుమెంటు గుమ్మంలో ఉన్నారు. మా ఆయన గూడ్సు బళ్ళలో అసిస్టెంటు. పక్క క్వార్టరులో రిటైరైన గార్డుగారు ఒకరుండేవారు. ఆయనకీ మావగారికీ చుట్టరికం లేదు గానీ, ఒకే బండికి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ ఏళ్ళ తరబడి ప్రయాణం చేశారేమో, ఒకర్నొకరు "బావా" అని పిలుచుకునేవారు. బండి నడిపేది డ్రైవరని ఈయన అంటే, "నేను జెండా ఊపకపోతే నీ ఇంజను కదుల్తాదా" అని ఆయన. సాయంత్రమైతే గుమ్మం ముందు నులకమంచం వాల్చుకుని ఇదే తగువు. తగువు తెగేది కాదు, టీలు మాత్రం నేను పెట్టి పెట్టి చచ్చేదాన్ని.

మా రైల్వే కాలనీలో ఒక ఆచారం ఉంది. రిటైరైన రోజున మనిషి నడిచి ఇంటికి రాకూడదు. దండలు వేసి, బ్యాండు పెట్టి, భార్యతో సహా బండిలో కూర్చోబెట్టి, డ్యూటీ చోటు నుంచి క్వార్టరు గుమ్మం దాకా ఊరేగించి తెస్తారు. చాలామందికి ఎవర్నో అడిగి తెచ్చిన జీపే గతి. గార్డుగారిని మాత్రం అల్లుడు తన సొంత తెల్ల కారులో తెచ్చాడు. అది మొదలు ఆయన మా మావగార్ని పొడుస్తూనే ఉండేవారు. "ఏటి బావా, నిన్నేటి మీద దింపుతారు? రిక్షా మీదా, తోపుడుబండి మీదా?" మావగారు నవ్వేసేవారు. నవ్వేసి లోపలికొచ్చి, కంచం ముందు కూర్చుని, అన్నం ఊరికే కెలికేవారు. అది చూసి మా ఆయనకి పంతం పుట్టింది. నాన్న సొంత కారులోనే ఇంటికి రావాలి, అంతే.

లింగియాడీహ్ దగ్గర ఇటుకబట్టీ సేఠ్ ఒకడు కారు అమ్ముతున్నాడని తెలిసి, ఒక ఆదివారం రెండు రిక్షాల్లో వెళ్ళాం. రెండే తలుపుల చిన్న కారు. పచ్చ బఠాణీ రంగు. "కంపెనీ ఈ మోడల్ ఆపేసింది, ఇంక ఎంత వెతికినా దొరకదు" అని సేఠ్ హిందీలో గొప్పగా చెప్పాడు. (కారే దొరకనప్పుడు దాని సామాను మాత్రం ఎక్కడ దొరుకుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.) ఇక మా పరీక్షలు మొదలయ్యాయి. మావగారు సంచిలో తెచ్చుకున్న సుత్తి తీసి, స్టేషనులో బండి చక్రాలు కొట్టి చూసినట్టు, నాలుగు టైర్లనూ కొట్టి చెవి ఒగ్గి విన్నారు. రబ్బరు ఏం పలుకుతుంది? "పగుల్లేవురా" అన్నారు తృప్తిగా. హారన్‌ని సీటీ అనేవారు ఆయన. దాన్ని పొడుగ్గా ఒకసారీ పొట్టిగా ఒకసారీ మోగించి చూశారు. బ్రేకు చూశారు. "దీనికి నీళ్ళెక్కడ పడతారు బాబూ?" అని అడిగి ఆ మూతా విప్పించారు. మా అత్తగారు పుట్టింట్లో గేదెల బేరాలు చేసిన మనిషి. కారు వెనక భాగం మీద అరచేత్తో చరిచి, "పక్కలు గట్టిగున్నాయి" అంది. ముందు మూత ఎత్తించి, పళ్ళు చూసినట్టు లోపలికి తొంగి చూసి, "వయసులోనే ఉంది" అంది. మరి నేనో? ముందున్న చిన్న అద్దంలో నా బొట్టు కనిపిస్తోందా లేదా చూసుకున్నాను. కనిపించింది. సీటు నొక్కాను. మెత్తగా ఉంది. నా వరకు కారు పాసైపోయింది.

తరవాత సేఠ్ మమ్మల్ని ఎక్కించుకుని ఇటుకబట్టీ చుట్టూ తిప్పాడు. "మక్ఖన్ హై భైయా, మక్ఖన్!" అంటూ, వెన్నలా పోతోందంటూ, గానుగెద్దులా అదే చుట్టు, అటే. మా ఆయన కూడా కూర్చుని అదే చుట్టు నడిపాడు. మావగారు దిగి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "ఫిట్" అన్నారు. షెడ్డులో ఇంజన్‌ని అన్నట్టే అన్నారు. స్టీరింగు సంగతి మాత్రం ఒక్కరమూ అడగలేదు. ఎందుకడుగుతాం? ఆ ఇంట్లో అందరి అన్నమూ పట్టాల మీదిదే. పట్టా ఎటు పోతే బండి అటు పోతుంది. తిప్పవలసినది ఏమైనా ఉంటే సిగ్నల్ కేబిన్‌లో కూర్చుని పట్టాలు మార్చేవాడు తిప్పుతాడు గానీ, డ్రైవరు తిప్పుతాడా?

డబ్బు కట్టి, గేటు దాటి రోడ్డెక్కాక మొదటి కూడలి దగ్గర అసలు సంగతి బయటపడింది.

"ఒరే, మనం కుడికి కదరా ఎల్లాల్సింది?" అన్నారు మావగారు.

"తెల్సు నాన్నా."

"మరి తిన్నగా పోతన్నావేటి?"

"నాను పోట్లేదు నాన్నా. అదే పోతంది."

స్టీరింగు కుడివైపుకి కొంచెం వంగేది గానీ, మలుపు తిరిగేటంత వంగేది కాదు. ఎడమకి మాత్రం సేఠ్ చెప్పినట్టు వెన్నే. వెనక సీట్లోంచి మా అత్తగారు, "గేదె మొండికేస్తే ముక్కుతాడుంటాది. దీనికేటి ఉందిరా పట్టుకోడానికి?" అని గోల. అలా తిన్నగా పోయి, ఎడమకి తిరిగి, మళ్ళీ ఎడమకి తిరిగి, అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న రాజ్‌కిశోర్ నగర్ అంతా చూసేశాం. మూడుసార్లు ఎడమకి తిరిగితే ఒకసారి కుడికి తిరిగినట్టేనని అక్కడే తెలిసింది మాకు. బడికెళ్ళిన వాళ్ళకి ఇది ముందే తెలుసేమో, నాకు తెలీదు.

మర్నాడు సేఠ్ దగ్గరికి వెళ్తే, "సుత్తి పెట్టి కొట్టి చూసింది మీరే, ఫిట్ అన్నదీ మీరే" అన్నాడు. వాడు ఎప్పుడో దేన్నో గుద్ది లోపల ఏదో వంచేశాడట. మెకానిక్కు కారు కిందకి దూరి, బయటికొచ్చి, "మోడల్ బందైపోయింది భాయ్‌సాబ్, ఈ ముక్క ఇక్కడ దొరకదు, కలకత్తాకి చెప్పి పంపాలి. ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి" అన్నాడు. రిటైరుమెంటు చూస్తే నెత్తిమీదకొచ్చేసింది. మా అత్తగారు ఊరుకుంటుందా? "ఇన్నేళ్ళు బండి నడిపేవు, ఎటెల్తాదో సూసుకోలేదా?" అని దెప్పింది. "నాను నడిపిన ఏ బండీ నన్నడక్కుండా పక్కకెల్లలేదే!" అన్నారు మావగారు, పాపం, నిజంగా బాధపడుతూ. తరవాత మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు, "ఈ మాట గోడ దాటకూడదు. బావకి తెలిసిందంటే, నాను పోయాక నా పాడె కూడా ఎడమకే తిప్పిస్తాడు."

ఆ కారుని ఊరికే తిట్టకూడదు. కొనేవాళ్ళ కోసం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పెట్రోలు పిచికలా తాగేది. డిక్కీలో బియ్యం బస్తా పడుకోబెట్టినా ఇంకా పచ్చళ్ళ జాడీకి చోటుండేది. రెండే తలుపులు గనక ముందు సీటు వంచి వెనక్కి దూరాలి. చీరలో అది సర్కసే, మా అత్తగారు ఒకసారి సగంలో ఇరుక్కుంటే నేను వెనక నుంచి తోశాను. (ఆ తరవాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.) నా కాళ్ళ కింద రేకులో చిల్లు ఉండేది, అందులోంచి రోడ్డు కనపడేది. ఎండాకాలంలో పెనం మీద కూర్చున్నట్టే. అన్నిటికన్నా పెద్ద గుణం ఒకటి, అది మహా తేలిక. ఆ గుణం విలువ అప్పటికి మాకు తెలీదు.

మా ఆయన బజారుకెళ్తే కాలనీ అంతా చుట్టి వచ్చేవాడు. గార్డుగారు చూసి ఊరుకుంటారా? "ఏటి బావా, కూరగాయలకెల్లి మీవోడు ఊరంతా తిరిగొస్తన్నాడు?"

"పెట్రోలు మాది, రోడ్డు గవర్నమెంటుది, నీకేటి నొప్పి?" అనేవారు మావగారు. గార్డుగారు మీసం దువ్వుకుంటూ కారు వంకే చూసేవారు. గార్డంటే బండి చివర కూర్చుని, ముందు ఏం జరుగుతోందో కనిపెట్టేవాడు కదా.

ఆ రోజు రానే వచ్చింది. ముక్క రాలేదు. మా ఆయన దారంతా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. షెడ్డు గేటు నుంచి మా వీధి చివరి దాకా అన్నీ ఎడమ మలుపులే. చివర్న మా సందులోకి మాత్రం కుడికి తిరగాలి. అక్కడ తిరక్కుండా తిన్నగా పోయి, అవతలి వీధి చుట్టి, ఎడమకి ఎడమకి తిరిగి వద్దామని లెక్క. ముందు సీట్లో మావగారు, మెడ కనపడకుండా బంతిపూల దండలు. వెనక అత్తగారూ నేనూ. ముందు బ్యాండు, చుట్టూ షెడ్డు ఖలాసీలు గులాల్ రంగుపొడి చల్లుకుంటూ. మావగారు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి కూర్చున్న తీరు చూస్తే, ఆ కారు గుట్టు సంగతి మరిచిపోయి నాకే గర్వమేసింది.

మా సందు దగ్గరికి వచ్చేసరికి బ్యాండువాళ్ళు వాయించుకుంటూ కుడికి తిరిగి లోపలికి పోయారు. మా ఆయన తిన్నగా పోనిద్దామని చూశాడు. చూస్తే తిన్నగా పోయే రోడ్డు మధ్యలో గార్డుగారు! ఉతికిన తెల్ల యూనిఫారం వేసుకుని, ఒక చేత్తో మాకు ఎదురుగా ఎర్రజెండా, ఇంకో చేత్తో మా సందు వైపు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు. బావకి స్వాగతం అన్నమాట.

"ఆపరా!" అన్నారు మావగారు.

"నాన్నా, పక్కనించి ఎలిపోదాం. జెండాయే కదా."

"నా సర్వీసు మొత్తమ్మీద ఎర్రజెండా దాటలేదు. ఆఖరి రోజు దాటిస్తావేట్రా?"

కారు ఆగింది. ముందుకి పోకూడదు. కుడికి పోలేదు. వెనక్కి తీద్దామంటే వెనకంతా జనం. గుమ్మం దగ్గర హారతి పళ్ళేలతో ఆడవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. బ్యాండు కూడా ఆగిపోయింది. మా ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. దిగి నడుద్దామా అని నేనే గొణిగాను. "దిగితే ఇన్నాళ్ళ పరువూ దిగిపోతాది, నోర్ముయ్యి" అంది.

మావగారు ఒక్క క్షణం గార్డుగారి వంక చూశారు. గార్డుగారు జెండాలు దించలేదు. అప్పుడు మావగారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఖలాసీల మీద షెడ్డులో అరిచినట్టే అరిచారు. "ఏట్రా గుడ్లప్పగించి సూస్తన్నారు? టర్న్‌టేబుల్ మీద ఇంజను ఎప్పుడూ తిప్పలేదేటి? పట్టండి!"

బొగ్గింజన్ల రోజుల్లో ఇంజను మొహం అటు నుంచి ఇటు తిప్పాలంటే, గుండ్రటి బల్ల లాంటి దాని మీదకెక్కించి, మనుషులు చుట్టూ చేరి తోసి తిప్పేవారు. అది గుర్తుకొచ్చేసరికి ఖలాసీలకి పూనకమొచ్చింది. "హైస్సా!" అని ఒక్క కేక వేసి, మేమంతా లోపలుండగానే కారు ముందు భాగం ఎత్తేశారు. నా కాళ్ళ కింద చిల్లులోంచి చూస్తే రోడ్డు గుండ్రంగా తిరుగుతోంది. మా అత్తగారు ఉన్న దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచింది. మావగారు మాత్రం చెయ్యి చాచి హారన్ పొడుగ్గా మోగించారు. కారు మొహం సందు వైపు దించగానే గార్డుగారు ఎర్రజెండా చుట్టేసి, పచ్చజెండా ఊపారు. కాలనీ అంతా ఈలలే ఈలలు. డ్రైవరుగార్ని పల్లకీలా ఎత్తి తిప్పారని, అంత గౌరవం ఇదివరకు ఎవరికీ జరగలేదని, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాల్లో నేను వడ్డిస్తుంటే, గార్డుగారు మావగారి పక్కనే కూర్చుని నెమ్మదిగా అన్నారు, "అమ్మాయ్, మీ మావకి అన్నీ ఎడంపక్కనే వడ్డించు. పాపం, కుడికి తిరగలేడు." మావగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరికీ నవ్వు పొలమారి, నేను నీళ్ళకి పరిగెత్తాను. ఆ మాట ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు.

తరవాత ఎప్పటికో ముక్క వచ్చింది. కారు కుడికీ తిరిగింది. కానీ మా కాలనీలో మాత్రం ఒక కొత్త ఆచారం పుట్టేసింది. ఎవరు రిటైరైనా, ఎంత మంచి బండిలో వచ్చినా, మా సందు మొగలో ఆపి, "హైస్సా" అని ఎత్తి తిప్పాల్సిందే. ఎందుకో అడిగితే, పెద్దల నాటి నుంచీ వస్తోంది అంటారు. చాన్నాళ్ళకి మా ఆయన రిటైరైన రోజున, మా తమ్ముడి కొత్త కారులో తెచ్చారు. సందు దగ్గర కుర్రాళ్ళు ఆపారు. ఆయన నా చెవిలో, "ఇది కుడికి తిరుగుతాదే" అన్నాడు. "ఊరుకోండి, ఎత్తనీండి" అన్నాను. ఎత్తారు. కింద చిల్లు లేదు గనక రోడ్డు కనపడలేదు. ఆయన వంక చూశాను. అచ్చం వాళ్ళ నాన్నలా, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ చెయ్యి కూడా ఇప్పుడు ఫొటోలోకి వెళ్ళిపోయింది. మనవడు ఇంకా ఫోన్ పట్టుకుని, "చెప్పు నానమ్మా, తీసుకోనా, వద్దా?" అంటున్నాడు. "ముందు కుడికి తిప్పి చూడరా" అన్నాను. "తిరక్కపోతే వద్దా?" అన్నాడు. అది కాదురా నాయనా, తిరక్కపోయినా కొనొచ్చు. మీ వీధిలో ఎత్తేవాళ్ళున్నారో లేదో, అది చూసుకుని కొను.