మధ్యాహ్నం జాబితాలో మొదటి పేరు

ప్రెస్సులో అందరూ కలిసి ఆవిడకి పెట్టిన పేరు అనుమానపు పక్షి. మొహం మీద మాత్రం ఎవరూ అనరు, ప్రూఫు మేడమ్ అంటారు. మందుల పెట్టెల్లో నాలుగు మడతలు పెట్టి ఒక కాగితం ఉంచుతారే, చీమ తలకాయంత అక్షరాలతో, అవి అచ్చయ్యే ప్రెస్సు అది. ఆ కాగితాల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఒక్క సున్నా ఎక్కువ పడితే చాలు, రోజుకొక మాత్ర కాస్తా పది మాత్రలవుతుంది. అలాంటి చోట ఇరవై తొమ్మిదేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్న మనిషి ఎవర్నీ నమ్మదంటే తప్పు పట్టకండి. మీరైనా అంతే, నేనైనా అంతే.

ఆవిడ దగ్గర ఒక అట్టముక్క ఉండేది. మధ్యలో సన్నగా కోసి, ఒక్క వరస మాత్రమే కనబడేలా చేసుకుంది. కన్ను ముందుకి పరిగెత్తితే మనసు తప్పుని తనంతట తనే సర్దేసుకుంటుందని ఆవిడ సిద్ధాంతం. అందుకని అట్ట జరుపుతూ ఒక్కొక్క వరసే చదివేది. కరెంటు బిల్లు కూడా అలాగే చదివేది.

భర్తది తాళాల కొట్టు. "ఊళ్లో ఏ తాళమైనా తీయగలను గానీ, నా ఇంట్లోకి రావాలంటే మాత్రం మూడుసార్లు తలుపు కొట్టి, నేనే అని రుజువు చేసుకోవాలి," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు. గొంతులు అనుకరించేవాళ్లు లేరా ఏమిటి?

ప్రెస్సు పని తేలిక చేసుకుందామని ఎప్పుడో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. రాసినవాటిని ఒక చిన్న లైబ్రరీగా కట్టి ఇంటర్నెట్‌లో పెట్టింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, పనిముట్ల పెట్టె లాంటిది. ఓపెన్ సోర్స్ అంటారు: ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోవచ్చు, ఎవరైనా ఒక మార్పు రాసి పంపవచ్చు. దాన్ని చేర్చాలో వద్దో మాత్రం ఆవిడ ఒక్కర్తే తేల్చాలి. పెట్టెలో ముఖ్యమైనవి ఇటరేటర్లు. అదేం బ్రహ్మవిద్య కాదు. కుప్పంతా ఒకేసారి ముందు పోసుకోకుండా, అడిగినప్పుడల్లా ఒక్కొక్కటి తీసి చేతికిచ్చే ఏర్పాటు, అంతే. అట్టముక్క మనిషికి అంతకంటే నచ్చేదేముంటుంది! పదకొండేళ్లలో స్కూళ్లు, గిడ్డంగులు, ఆస్పత్రులు దాన్ని వాడటం మొదలుపెట్టాయి. ఆస్పత్రులు అనేసరికి ఆవిడకి గుండెల్లో రాయి పడింది. ఇందులో తప్పు దొర్లితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఏమో.

పదో తారీకు పొద్దున, ప్రెస్సుకి బయల్దేరబోతూ చూసుకుంటే ఒక మార్పు వచ్చి ఉంది. పంపినవారి పేరు 'పిచ్చుక' అని ఉంది. అసలు పేరు లేదు, ఫొటో లేదు.

"మేడమ్, నమస్తే. మీ లైబ్రరీ అంటే నాకు చాలా గౌరవం. ఇటరేటర్ల కోసం నాలుగు చిన్న పనిముట్లు రాశాను. తరవాతిదాన్ని బయటికి తీయకుండా తొంగిచూసేది ఒకటి, రెండు వరసల్ని జంటలుగా కలిపేది ఒకటి, పదేసి చొప్పున కట్టలు కట్టేది ఒకటి, వరసని ఏ ఒక్కటీ పోకుండా రెండుగా విడదీసేది ఒకటి. టెస్టుల్లో మొదటిది తప్పకుండా చూడండి. ఒక ఫిజియోథెరపీ సెంటర్ మీ లైబ్రరీ వాడుతోంది. వాళ్లు మూడు నెలలకోసారి, ఇరవయ్యో తారీకునే కొత్తది వేసుకుంటారు. ఈలోపు ఇవి చేరకపోతే మా ఇంట్లో ఒక పెద్దాయన ఇంకో మూడు నెలలు అవస్థ పడతారు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"చూశారా? పొగడ్త ఒకటి, తొందర ఒకటి, జబ్బు ముసలాయన ఒకడు. మూడూ ఒకే ఉత్తరంలో!" అంది భర్తతో.

"పాపం, నిజంగానే ఉన్నాడేమోనే ఆ పెద్దాయన."

"ఉంటాడు, ఎందుకుండడూ! ఇలాంటివాళ్ల ప్రతి ఇంట్లోనూ ఒక ముసలాయన ఉంటాడు. నిరుడు ఇంకెవరి లైబ్రరీలోనో ఇలాగే వినయంగా దూరినవాడు ఏం చేశాడు? కొంప ముంచాడు కదా!"

"నా కొట్టుకి వచ్చేవాళ్లలో దొంగలు ఎంతమంది ఉంటారనుకుంటున్నావ్? తాళం పోయినవాళ్లే ఎక్కువ."

"అందుకే మీ కొట్టు అలా ఉంది," అనేసి చెప్పులేసుకుంది.

ఆరోజు సాయంత్రం నుంచి ఆరా తీయడం మొదలుపెట్టింది. నువ్వెవరు? ఏం పని చేస్తావు? నీ ఖాతాకి రెండు నెలలు కూడా నిండలేదేం? పిచ్చుక ప్రతిదానికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు పరీక్షించే పని, ఈ లైబ్రరీ కోసమే ఖాతా తెరిచాను, ఇంతకుముందు కూడా ఒకసారి రాశాను, బహుశా మీకు అందలేదేమో అన్నాడు. ఎంత గుచ్చినా కోపం తెచ్చుకోలేదు. ఆవిడకి అక్కడే అనుమానం ముదిరింది. నీతిమంతుడైతే ఈపాటికి ఒళ్లు మండి నాలుగు మాటలు అనేవాడు కాదూ!

కోడంతా ప్రెస్సులో ప్రింటు తీసుకుంది. రోజూ భోజనాల వేళ అట్టముక్క పెట్టి రెండేసి పేజీలు చదివింది. వారం రోజులు చదివినా ఒక్క తప్పు దొరకలేదు. తప్పు దొరకని ప్రూఫు ఆవిడ ఉద్యోగంలో ఇంతవరకూ రాలేదు. దాంతో నిద్ర కూడా కరువైంది.

పద్దెనిమిదో తారీకున దొరికింది. మొదటి టెస్టు, అంటే కోడ్ నడిపి జవాబు సరిచూసే చిన్న పరీక్ష, రెండు పేజీల మధ్య విరిగింది. కొత్త పేజీ పై వరసల్లో అయిదుగురి పేర్లున్నాయి, ముగ్గురు పొద్దుటివాళ్లు, ఇద్దరు మధ్యాహ్నంవాళ్లు. విడదీశాక వచ్చిన జవాబులో పొద్దుట ముగ్గురు, మధ్యాహ్నం ఒక్కడే. అయిదుగురు లోపలికి వెళ్తే నలుగురే బయటికొచ్చారు! పైగా అంతా సరిగ్గానే ఉందని టెస్టు తల ఊపుతోంది.

"దొరికాడు!" అని బల్ల మీద గట్టిగా చరిచింది. పక్కన అన్నం తింటున్న మిషను ఆపరేటరు ఉలిక్కిపడి డబ్బా కింద పడేసుకున్నాడు.

ముందు పేజీ చివరి వరస ఆవిడ నిన్ననే చదివి పక్కన పెట్టేసింది. దాన్ని మళ్లీ తిరగేయలేదు.

ఆ సాయంత్రమే అందరూ చూసేలా జవాబు రాసింది. "ఇది మనుషుల్ని మింగే కోడ్. తెలియక రాస్తే తెలివితక్కువతనం, తెలిసి రాస్తే దొంగతనం. నాకైతే తెలియక రాసినట్టు కనబడలేదు." అక్కడితో ఆగిందా? పిచ్చుక ఇంకెప్పుడూ రాయకుండా ఖాతాకి తలుపు మూసేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు పదకొండుమంది భేష్ అన్నారు. ఆవిడ ఆ పూట భర్తకి అడక్కుండానే రెండోసారి కాఫీ ఇచ్చింది. ఇరవయ్యో తారీకు వచ్చింది, వెళ్లింది.

ఇరవై రెండు ఆదివారం. మిగతా లైబ్రరీలవాళ్లని కూడా హెచ్చరిద్దామని మధ్యాహ్నం కూర్చుంది. ఊరికే నోటిమాటగా చెబితే ఎవరు వింటారు? రుజువు కావాలి. పిచ్చుక కోడ్ ఉంటే నలుగురు, తీసేస్తే అయిదుగురు అని పక్కపక్కన చూపిద్దామనుకుంది. ఆ నాలుగు పనిముట్లనీ పూర్తిగా పీకేసి, పెట్టెలో తను రాసినవి మాత్రం ఉంచి, అదే టెస్టు నడిపింది.

నలుగురే వచ్చారు.

ఏదో మర్చిపోయాననుకుని మళ్లీ నడిపింది. మళ్లీ నలుగురు. అప్పుడు ముందు పేజీ వెతికి తీసింది. దాని చివరి వరసలో పిచ్చుక రాసిన మాట ఉంది. "ఇప్పుడున్న పాత పద్ధతిలో ఇలా జరుగుతోంది." కింద పనిచేస్తున్నది పదకొండేళ్ల కిందట ఆవిడ స్వయంగా రాసిన పనిముట్టు. పొద్దుటివాళ్లు ఉన్నంతవరకూ తీసుకో, మధ్యాహ్నంవాడు రాగానే ఆగిపో అని రాసింది. వచ్చినవాడు మధ్యాహ్నంవాడని తెలియాలంటే ముందు బయటికి తీయాలి కదా. తీశాక వాణ్ణి వెనక్కి పెట్టే దారి లేదు. పొద్దుటి జాబితా వీడు నావాడు కాదంటుంది. మధ్యాహ్నం జాబితా మొదలయ్యేసరికి వీడు వరసలోనే లేడు. పిచ్చుక తొంగిచూసే పనిముట్టు రాసింది సరిగ్గా ఇందుకే.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంతకుముందు ఒకసారి రాశాను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పాత ఫిర్యాదుల్లో వెతికితే రెండు నెలల కిందటిది దొరికింది. 'ఒక్కరోజు ఖాతా, నమ్మలేం' అని తనే అర నిమిషంలో మూసేసింది. లోపలేముందో ఇప్పుడు చదివింది.

"మా మామగారికి తుంటి ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ. ప్రతిసారీ పేరు రాయించుకుంటారు, ప్రతిసారీ జాబితాలో ఉండదు. మధ్యాహ్నంవాళ్లలో అతి పాత నంబరు ఆయనదే, అందుకని ప్రతిసారీ మొదటివారు ఆయనే. సెంటర్‌వాళ్లు ఆయన మర్చిపోతున్నారంటున్నారు. మా ఆయన కూడా అదే నమ్ముతున్నారు. మీ లైబ్రరీలో తప్పుందని నాకు అనిపిస్తోంది." కింద సెంటర్ పేరు, ఫోను నంబరు. తప్పుందని సూటిగా చెబితే మూసేశారని, రెండోసారి ఆ పిల్ల తప్పు మాటే ఎత్తకుండా సాయం చేస్తానని వచ్చిందన్నమాట.

"ఏమైందే, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు భర్త.

"నేను దొంగ అన్నది ఒక కోడల్నండీ," అంది ఆవిడ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ పూటే ఆవిడ పిచ్చుక రాసిన పనిముట్లు చేర్చింది. తప్పు తనదని అందరూ చూసే చోటే రాసింది. తలుపు తెరిచి, క్షమించమని అడిగింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. సోమవారం సెంటర్‌కి ఫోను చేసి, మీ జాబితాలో ఒకరు పోతున్నారు, వెంటనే కొత్తది వేసుకోండని చెప్పింది.

"మేడమ్, మీరెవరో మాకు తెలీదు. ఫోను చేసి వెంటనే వేసుకోమంటే ఎలా వేసుకుంటాం? మోసాలు ఎక్కువైపోయాయి. మళ్లీ మూడు నెలల తరవాతే," అన్నాడు కౌంటరు గుమాస్తా. అతను అన్నది అక్షరాలా ఆవిడ మాటే.

బుధవారం సెలవు పెట్టి, రెండు గంటలు బస్సులో వెళ్లింది. పొడుగాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద రెండు జాబితాలు. రెండు గంటలకి నర్సు పేర్లు పిలిచింది. పిలిచినవాళ్లందరూ లోపలికి వెళ్లిపోయాక హాల్లో ఒక్క పెద్దాయనే మిగిలాడు. నాలుగు కాళ్ల ఊతకర్ర ముందు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కౌంటరు వైపు చూడనుకూడా లేదు.

ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. "మిమ్మల్ని పిలవలేదాండీ?"

"నాదే పొరపాటమ్మా," అన్నాడాయన మెల్లిగా, "పేరు రాయించానని అనుకుంటాను గానీ, రాయించి ఉండను. ఈ మధ్య మతి తప్పుతోంది. గొడవ చేయడం కూడా మానేశాను. వచ్చే వారం మా అబ్బాయి మతిమరుపు డాక్టరుకి చూపిస్తానన్నాడు."

"మీకు మతి తప్పలేదండీ. మీ పేరు పోగొట్టింది నేను. ఈ జాబితా తీసే ప్రోగ్రాములో తప్పుంది. ఆ తప్పు రాసింది నేనే."

పెద్దాయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "నువ్వెవరమ్మా? నన్ను ఓదార్చమని మా కోడలు పంపిందా?"

ఆవిడ లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి, చేత్తో రాసుకునే రిజిస్టరు చూపించమంది. గుమాస్తా ససేమిరా అన్నాడు.

"నన్ను నమ్మకు బాబూ, అస్సలు నమ్మకు. నువ్వు రాసిందే నువ్వు చదువు. ఇవాళ మధ్యాహ్నం మొదటి పేరు ఎవరిది?"

గుమాస్తా విసుక్కుంటూనే రిజిస్టరు తిప్పాడు. వేలు పెట్టాడు. గోడ మీది జాబితాలు రెండూ చూశాడు. సోమవారం పేజీ తీశాడు, అంతకుముందు శుక్రవారం పేజీ తీశాడు. ప్రతి పేజీలోనూ ఆ పేరు అతని చేతి రాతలోనే ఉంది. "ఒక్క నిమిషం ఉండండి మేడమ్," అని మేనేజరు గదిలోకి పరిగెత్తాడు.

పెద్దాయన ఊతకర్ర మీద వచ్చి, రిజిస్టరు మీదికి వంగి, తన పేరు మూడు చోట్లా చదువుకున్నాడు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పమ్మా. నేను చెబితే ఎవరు నమ్ముతారు? ముందు మా కోడలికి చెప్పు. నన్ను నమ్మింది ఆ పిల్ల ఒక్కతే."

అవతల వెంటనే ఎత్తారు. చుట్టూ ఏవో యంత్రాల చప్పుడు.

"మామయ్యా! ఇవాళైనా పిలిచారా?"

పెద్దాయన ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"పిలవలేదమ్మా," అంది ఆవిడ. "నా మూలాన."