నేను చెప్పిన గ్యాసు

కారులో చల్లగాలి మిషను ఉంటుందంటే జడ్చర్లలో నవ్వే రోజులవి. అరవైల చివర్లో పల్లీల మిల్లు సేటు ఒకాయన హైదరాబాదులో పాత విదేశీ కారు కొన్నాడు. ముందు సీటుకు ఎదురుగా ఒక పెట్టె వేలాడుతుండేది. మీట తిప్పితే అందులోంచి చల్లగాలి రావాలి. వచ్చేది కాదు. హైదరాబాదులో ఒక ఉస్తాదు దగ్గర మూడేళ్లు చల్లమిషన్ల పని నేర్చుకొచ్చి, రోడ్డు పక్క రేకుల షెడ్డులో కూర్చున్నవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి ఆ కారు నా నెత్తిన పడింది.

సేటు కంటే ఆయన డ్రైవరు నన్ను ఎక్కువ సతాయించాడు. యాభై దాటిన మనిషి, సాలెల ఇంట పుట్టి, మగ్గం వదిలి స్టీరింగు పట్టాడు. కాకా అని పిలిచేవాణ్ని. చేతిలో బీడీ, నోట్లో ప్రశ్న, రెండూ ఆరేవి కావు.

నేను బానెట్ ఎత్తి, కుంకుడుకాయ నురగను కుంచెతో గొట్టాల అతుకులకు పూస్తున్నాను. గ్యాసు కారేచోట నురగ బుడగలు కడుతుంది. కాకా నా భుజం మీదికి వంగి పొగ ఊదుతున్నాడు.

"బీడీ అవతల పారెయ్ కాకా. గా గ్యాసు నిప్పుకు తగిలితే విషమైతది."

"గంత చల్లటిదానికి నిప్పుతోని ఏం పని మేస్త్రీ?"

చెప్పొచ్చు. చెప్పలేదు. పని నడుమ పాఠాలు చెప్పడం నాకు చిరాకు. బీడీ లాక్కుని బయటికి విసిరాను.

ఒక అతుకు దగ్గర బుడగ లేచింది. ఇక లోపల మిగిలింది మెల్లగా వదిలేసి, నట్టు విప్పి, అతుకు బాగుచేసి, గాలంతా లాగేసి, కొత్త గ్యాసు ఎక్కించాలి. కళ్లద్దాలు లేకుండా ఆ నట్టు జోలికి పోకూడదు. ఎగజిమ్మిందంటే తగిలినచోట చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే కన్నే పోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు, అదే వచ్చిన తంటా.

గ్యాసు సిలిండరు కోసం హైదరాబాదు పోవాలి. కాకా వదిలితేనా!

"సేటు రేపు పగటీలి అన్నం యాళ్లకే భువనగిరికి పెండ్లికి పోతడు. కారు చల్లగ లేకుంటే నా నౌకరి పోతది మేస్త్రీ."

"నేనేం జేయాలె? గ్యాసు తక్కువైంది. గ్యాసు పోస్తెనే చల్లగైతది. రేపు వచ్చినంక చూస్త."

"గ్యాసా? గ్యాసు పోస్తే చాలా?"

"ఆఁ, గ్యాసే! ఎన్నిసార్లు చెప్పాలె? చెవులల్ల దూది పెట్టుకున్నవా?"

బస్సు హారను కొట్టింది. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాను. నాకున్న ఒక్క జత కళ్లద్దాలూ ఆ సంచీలోనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగేసరికి షెడ్డు ముందు గుంపు. కాకా నేల మీద కూర్చుని ఎడమ కన్ను మూసుకుని మూలుగుతున్నాడు. వేళ్లు ఉప్పు రాసినట్టు తెల్లబడి ఉన్నాయి. కారు పక్కన ఒక గరాటు, దొర్లిపోయిన సీసా, నేలంతా కిరోసిన్. నట్టు సగం విప్పి ఉంది.

మా దిక్కు కిరోసిన్‌ను గాసునూనె అంటారు. గాసన్నా గ్యాసన్నా అదే. ప్రతి ఇంటి గూట్లో ఒక గ్యాసు సీసా ఉంటుంది. నట్టు విప్పి అది పోద్దామనుకున్నాడు మహానుభావుడు. లోపల మిగిలింది కాస్తా మొహం మీదికి చిమ్మింది.

ఒకామె కంట్లో ఆముదం వేయబోతోంది. ఇంకొకాయన కాపడం పెడతానని అగ్గిపుల్ల తీశాడు, కాళ్ల కింద కిరోసిన్ పారుతుండగా!

"ఆపుండ్రి! జర బుద్ధున్నదా మీకు?"

కుండెడు నీళ్లు మెల్లగా ఆ కంట్లో ధారపోసి, కన్ను నలపొద్దని చెయ్యి పట్టుకుని, అటుగా పోయే లారీ ఆపి పాలమూరు దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టాను. భయమేసింది, అందుకే తిట్టాను. ఒంటికన్ను వాడికి స్టీరింగు ఎవడిస్తాడు?

డాక్టరు కట్టు కట్టి, మూడు రోజులాగితే గానీ చెప్పలేనన్నాడు. మూడో రోజు కట్టు విప్పి, వేళ్లు చూపించి ఎన్నని అడిగాడు. కాకా చాలాసేపు చూశాడు.

"మూడు."

మూడే. పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. కూర్చోగానే కోపం మళ్లీ వచ్చింది.

"గాసునూనె పోస్తే చల్లగైతదని నీకెవరు చెప్పిండ్రు కాకా? నిన్నగాక మొన్న పుట్టినవా?"

ఆయన కోపగించుకోలేదు. నీళ్లు కారుతున్న కంటితోనే వరండా మూలకు చూపించాడు. అక్కడ మందులు చల్లగా ఉంచే పెట్టె ఉంది. కరెంటును నమ్ముకోలేక పెట్టుకున్న కిరోసిన్ పెట్టె. దాని అడుగున చిన్న మంట వెలుగుతోంది.

"గది దేంతోని చల్లగైతాంది మేస్త్రీ? గాసునూనెతోనే గద! సేటును ఈడికి తోల్కొచ్చినప్పుడల్లా చూస్తున్న. నువ్వు గ్యాసు పోస్తే చల్లగైతదంటివి. గ్యాసేనా అని అడిగిన. నువ్వు తిడ్తివి గని, చెప్పకపోతివి."

అడిగాడన్నది నిజం. లారీలో నేను తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాల్సినవో అప్పుడు తెలిసింది.