సూర్యుడిది కాని అలజడి

మా బాపు లాల్‌దర్వాజాలో పూలు అమ్మేవాడు. నేను విశ్వవిద్యాలయంలో సూర్యుడి చప్పుడు వినే ఉద్యోగం చేసేదాన్ని. బాపు పని అందరికీ అర్థమయ్యేది, నాది మా గల్లీలో ఎవరికీ ఎక్కలేదు. "సూర్యుడు ఏమంటుండు బిడ్డా, జర మాక్కూడ చెప్పు" అని పక్కింటి పెద్దమ్మ ఆటపట్టించేది. విడమరిచి చెప్పే ఓపిక నాకెక్కడిది? "ఉడుకపోస్తుందంటుండు" అనేసి బస్సు కోసం పరుగెత్తేదాన్ని.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. మా విభాగం వెనక మైదానంలో పెద్ద ఇనుప డిష్ ఉండేది. పగలంతా దాని మొహం సూర్యుడి వైపే తిప్పి ఉంచేవాళ్ళం. గదిలో ఒక యంత్రం, దానికో కలం, కలం కింద మెల్లగా జరిగే కాగితం చుట్ట. సూర్యుడు నెమ్మదిగా ఉంటే కలం సన్నటి గీత గీసుకుంటూ పోయేది. అక్కడ తుఫాను లేస్తే ఎగిరిపడేది. ఆ తుఫాను పైన తిరిగే ఉపగ్రహాలకు చేటు. అందుకే కొత్త ఉపగ్రహం పైకి వెళ్ళిన రోజుల్లో కలం మీంచి కన్ను తీయకూడదు. అది ఎగిరితే వెంటనే అంతరిక్ష కేంద్రానికి ఫోన్ చేయాలి.

అయితే కలం ఎగిరిన ప్రతిసారీ తప్పు సూర్యుడిది కాదు. కింద నేలమీది రొద కూడా అందులో జొరబడేది. తేల్చుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. డిష్‌ను సూర్యుడి నుంచి పక్కకు తిప్పేస్తాం. కలం శాంతిస్తే అది సూర్యుడి గొడవ. శాంతించకపోతే మనుషులది.

ఇది నాకు నేర్పింది నాతో పనిచేసే సీనియర్ టెక్నీషియన్. ఆయనది మొగల్‌పురా, మా ఇంటికి నడిచేంత దూరం. నేను భాయ్ అనేదాన్ని, ఆయన బహెన్ అనేవాడు. పొద్దునా సాయంత్రం ఇద్దరం ఒకే బస్సు. కలం గుంపులు గుంపులుగా కొట్టుకుంటే అది పోలీసు జీపుల వైర్‌లెస్ అని కూడా ఆయనే చెప్పాడు. పాతబస్తీలో హిందూ ముస్లిం లొల్లి ముదిరితే జీపులన్నీ ఒక్కసారి మాట్లాడతాయి. పేపరు కంటే ముందు మాకే తెలిసేది. ఆ తెలివి నాకెన్నడూ సంతోషమివ్వలేదు.

ఆ ఎండాకాలం ఒక ఉపగ్రహం కొత్తగా పైకి వెళ్ళింది. ముందు రోజు నుంచే బస్తీ గాలి బాగాలేదు. చార్మినార్ దగ్గర దుకాణాలు సగం షట్టర్లు దించుకుని ఉన్నాయి. పొద్దున బాపు సైకిలు తుడుస్తూ, మధ్యాహ్నం గుడిమల్కాపూర్ తోటలకు మల్లెమొగ్గల కోసం పోతానన్నాడు. వచ్చేటప్పుడు పురానాపూల్, హుస్సేనీ ఆలం దాటి రావాలి, లొల్లి లేస్తే ముందు అంటుకునేది అక్కడే.

"ఇయ్యాల పోకు బాపూ" అన్నాను.

"పూలతోని ఎవలికి లొల్లి బిడ్డా? నువ్వు ఫికర్ చెయ్యకు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కలం ఎగిరింది. మా పెద్దసారు పరుగున వచ్చి ఫోన్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. భాయ్ డిష్ తిప్పాడు. అందరం కలాన్నే చూస్తున్నాం. అది శాంతించలేదు, ఇంకా గట్టిగా కొట్టుకుంది.

"సూరజ్ కాదు సార్" అన్నాడు భాయ్.

సారు హమ్మయ్య అని ఫోన్ మీంచి చెయ్యి తీసేశారు. ఉపగ్రహానికి భయం లేదు, టీ తెప్పించమన్నారు. గది తేలికపడింది. భాయ్ మొహం మాత్రం పాలిపోయింది. నేను గడియారం చూశాను. ఈ వేళకు బాపు ఏ సందులో సైకిలు తొక్కుతున్నాడో!

టీ రాకముందే సెలవడిగి ఇద్దరం బయటపడ్డాం. బాపు మొగ్గల కోసం పోయిన సంగతి బస్సులో భాయ్‌కు చెప్పాను. బస్సు అఫ్జల్‌గంజ్‌లోనే ఆగిపోయింది. నయాపూల్ మీద జనం మాటల్లేకుండా గబగబా నడుస్తున్నారు.

"బహెన్, నువ్వు ముందర నడువు. నేను జర ఎనకాల వస్త. మనం ఒకళ్లకొకళ్లం ఎరుక లేనట్టే పోవాలె" అన్నాడు భాయ్.

అలాగే నడిచాను. ఎక్కడో సీసాలు పగులుతున్నాయి. ఒక మలుపులో సైకిలు పడి ఉంటే పరుగెత్తుకెళ్ళి చూశాను, బాపుది కాదు. మొగల్‌పురా తోవ వచ్చింది. భాయ్ తన ఇంటివైపు తిరగలేదు, నా వెనకే వచ్చాడు. నా గల్లీ దాకా దిగబెడదామని ఆయన పట్టుదల. వద్దని చెప్పడానికి వెనక్కి తిరగాలన్నా భయమే.

మా గల్లీ మొదట్లో కట్టెలు పట్టుకుని ఒక గుంపు నిలబడి ఉంది. నడుమ ఇనుప కడ్డీతో బాపు. మొగ్గ నలిగితే విలవిల్లాడే మా బాపు! బతికున్నాడన్న సంతోషం పొంగింది. కానీ ఆయన నన్ను చూడటం లేదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

దగ్గరికి వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాడు. "ఎవడాడు? నీ ఎంబడే వస్తుండేంది?"

"నన్ను తోలియ్యనీకి వచ్చిండు. నాతోని పనిచేస్తడు."

బాపు కడ్డీ దించలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి భాయ్ వెళ్ళిపోతున్నాడు. గోడల వెంట గబగబా నడుస్తున్నాడు. ఆయన మలుపు తిరిగేదాకా నేను బాపు చెయ్యి పట్టుకునే నిలబడ్డాను. గట్టిగానే పట్టుకున్నాను.

కర్ఫ్యూ ఎత్తేశాక ఆఫీసుకు వెళితే భాయ్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఆయన్ను చూడగానే ఏడుపొచ్చింది.

"మీ బాపు సలామత్‌గ ఇంటికి చేరిండా బహెన్? నాకు ఇన్ని దినాలు గదే బుగులు" అన్నాడు. "మీ గల్లీ మొదట్ల గా కడ్డీ పట్టుకున్నోడు లేడూ, వాని కండ్లు చూసి మస్తు భయమైంది. గాన్ని దాటి ముసలాయన ఇంటికెట్ల పోతడో అనుకున్న."

"చేరిండు భాయ్" అన్నాను.