వెనక్కి రాని ఎక్సలేటర్

ఇన్నేళ్లయినా ఆ పొద్దు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం మా బాపు మీద, అంటే నాన్న మీద, మండింది.

బాపు ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. తర్వాత, తొంభైల్లో, ఒక పాత అంబాసిడర్ కొనుక్కుని నిజామాబాద్‌లో కిరాయికి తిప్పేవాడు. ఆయన పనీ పరువూ ఆ కారే. "నడుపుడు బందైతే నేను బందైనట్టే" అనేవాడు.

డిసెంబర్ చలిలో ఒకనాడు తెల్లవారుతూనే ఇద్దరం బోధన్ బయలుదేరాం. బాపు నడుపుతున్నాడు, నేను పక్కన. చెరుకు సీజను కదా, చక్కెర ఫ్యాక్టరీ దారి పొడవునా ఎడ్లబండ్లు వరుస కట్టి ఉన్నాయి. అక్కడ నెమ్మదించాల్సిన కారు గుయ్యిమని ముందుకు దూకి, ఒక బండి వెనక వేలాడే చెరుకు గడల్లో మూతి పెట్టింది. బాపు బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు గనుక బతికాం. లైటు పగిలింది తప్ప మనుషులకూ ఎడ్లకూ ఏమీ కాలేదు. బండ్లవాళ్లంతా మూగారు.

ఆ నలుగురి ముందు నేను నోరు పారేసుకున్నాను.

"కాలు తియ్యాల్నని సోయి లేదా బాపూ? ముసలోనివైనవ్. కాలు ఏడున్నదో నీకే తెలుస్తలేదు."

"కాలు తీసిన్రా. ఎక్సలేటరే వాపస్ అస్తలేదు," అన్నాడు బాపు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు జెయ్యకు. తాళం ఇటు తే."

చేతిలోంచి గుంజుకున్నాను. ఎవరో నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు, నాదే న్యాయం అనిపించింది. మధ్యాహ్నం కార్లు బాగుచేసే మిస్త్రీకి చూపిస్తే పెడల్ పదిసార్లు తొక్కాడు. పదిసార్లూ చక్కగా వెనక్కి వచ్చింది. ఇంకేం కావాలి నాకు? ఇంటికొచ్చి మళ్లీ తిట్టాను. కిరాయికి పిలవడానికొచ్చిన వాళ్లతో "బాపు ఇగ నడపడు" అని వాకిట్లోనే చెప్పాను. బాపు లోపల మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

పదిహేను రోజుల తర్వాత, మళ్లీ మొదటిసారి చలిపొద్దున కారు తీసి డిచ్‌పల్లి పోతున్నాను. లారీని దాటడానికి గట్టిగా తొక్కి కాలు తీశాను. ఇంజను అరుపు తగ్గలేదు. కాలు గాల్లో ఉంది, కారు పరిగెడుతూనే ఉంది. తాళం తిప్పి ఇంజను ఆపి, రోడ్డు దిగి ఆగాను. భయం తగ్గాక కోపమొచ్చింది. ఈసారి తిట్టడానికి పక్కన ఎవరూ లేరు.

బూటు కొనతో పెడల్ పైకి లేపుకుంటూ మెల్లగా మిస్త్రీ షెడ్డుకు చేరాను. రెండుసార్లూ పొద్దుటి చలిలోనే పట్టేసింది గనుక, ఎక్సలేటర్ కేబుల్ వేడెక్కకముందే విప్పమన్నాను. తొడుగులోంచి తీగ లాగితే తెల్లగా, చలికాలం నెయ్యిలా ఏదో అంటుకుని ఉంది. మిస్త్రీ వేలితో తీసి వాసన చూశాడు.

"కొబ్బరినూనె ఎవలు పోసిండ్రు అన్నా? చలికి గడ్డకట్టి తీగను వట్టేస్తది. పొద్దెక్కితే కరుగుతది. మీరు మధ్యాహ్నం తెస్తిరి, నాకేం కనవడ్తది?"

ఎవరు పోశారు? నేనే. వానాకాలంలో పెడల్ కిర్రుమంటుంటే, తలుపు బందులకు పోసినట్టే, మా ఆవిడ తలనూనె సీసా తెచ్చి కేబుల్ తొడుగులోకి వంచాను. గొప్ప పనిమంతుణ్ణి కదా, బాపుకు చెప్పను కూడా లేదు. మిస్త్రీ కిరసనాయిలుతో కడిగి, ఇంజనాయిల్ రెండు చుక్కలు వేసి బిగించాడు. అరగంట పని. ఆ అరగంటా నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

ఇంటికొచ్చి తాళం బాపు ముందు పెట్టాను.

"బాపూ, తప్పు నాదే. కేబుల్ల కొబ్బరినూనె పోసింది నేనే. నీ కాలు మంచిగనే ఉన్నది. తీస్కో."

బాపు తాళం ముట్టుకోలేదు.

"నువ్వు గంత గట్టిగ అనేసరికి నిజమేనేమో అనుకున్నరా. పదిహేను దినాల సంది గిదే మంచం మీద కూసోని, కాలు నేలకు తాకుతున్నదా లేదా అని ఒత్తి ఒత్తి సూసుకున్న. ఇప్పుడు పెడల్ మీద పెట్టాలంటే భయమైతాంది."

"నీకు భయమేంది బాపూ?" అని మళ్లీ అరిచాను. అప్పుడు కూడా అరవడమే తెలిసింది నాకు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి స్టీరింగు వైపు తలుపు తీశాను.

బాపు ఆ సీటు వంక చూశాడు. కారు చుట్టూ తిరిగి వెళ్లి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఆయన కారులో వెనక కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

"నడుపు," అన్నాడు.