ముందు బ్రేకు లేని బండి

తొంభైల మొదట్లో, నేను జడ్చర్లలో ఇంటర్ చదివే రోజుల్లో, మా అన్న పాత మోటార్‌సైకిల్‌ను పందేనికి సిద్ధం చేశాడు. కొత్త ఇంజన్ కొనే స్తోమత లేదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని మడ్‌గార్డులతో పాటు ముందు బ్రేకు కూడా విప్పేశాడు. ఎంత వేగం వస్తుందో చూడాలని నాకూ ఆత్రంగా ఉండేది.

"మరి ఆపుడెట్ల?" అని వదిన అడిగింది.

"ఎన్క బ్రేకు చాలు తియ్," అన్నాడు అన్న.

అయినా వదిన హెల్మెట్ పెట్టించాకే కదలనిచ్చింది.

ఊరి బయట రోడ్డు మీద బండి దూసుకుపోయింది. ఉన్నట్టుండి గొర్రెల మంద అడ్డొచ్చింది. అన్న బ్రేకు తొక్కగానే వెనక చక్రం జారి, బండితో సహా చేలో పడ్డాడు. మేము పరుగెత్తుకెళ్లేసరికి విరిగిన చెయ్యి పట్టుకుని, "చెల్లె, ఎంత జోరుగ పోయిన?" అని అడిగాడు. హెల్మెట్ నిలువునా పగిలి ఉంది.

చెయ్యి బాగయ్యాక ముందు బ్రేకు బిగించుకుని పందెంలో దిగాడు, ఓడిపోయాడు. వదిన వాడంతా మిఠాయి పంచింది. ఓడినందుకు మిఠాయి పంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.