దల్లీ రాజహరా లైనులో గూడ్స్ బండికి దారిచ్చిన ఉదయం

బొబ్బిలిలో మా బడికి వెళ్ళే దారిలో రైల్వే గేటు ఉండేది. అప్పుడప్పుడూ కొత్త రైలు పట్టాలు మోసుకుంటూ ఓ గూడ్స్ వచ్చేది. ఒక్కో పట్టా ఎన్నో వ్యాగన్ల పొడవున పడుకుని, మలుపు దగ్గర బండితోపాటు వెదురు బద్దలా వంగేది. "భిలాయి సరుకు" అనేవాడు గేటుమేన్. ఆ ఊరు చూడాలన్న కోరిక మొన్న చలికాలంలో తీరింది. అయితే నన్ను కదిలించింది పట్టాలు కాదు, మా పిన్ని కూతురు లావణ్య ఫోను. భిలాయిలో పుట్టి పెరిగిన ఆ పిల్ల రెండేళ్ళుగా గూడ్స్ బండ్లలో అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజన్‌లో డ్రైవరు పక్క సీటు ఆమెది. వాళ్ళమ్మకు ఆ ఉద్యోగమంటే వణుకు. "దీదీ, మమ్మీకి రోజూ ఒకటే పాట. ఆఫీసు పోస్టు అడగమంటాది. ఒక్కసారి నువ్వు తనకి మా లైను చూపించు. చూసాక కూడా వద్దంటే, పక్కా, అడిగీస్తాను" అంది.

విశాఖలో మధ్యాహ్నం బయల్దేరే పగటి బండి ఎక్కితే రాత్రి భోజనాల వేళ దాటాక దుర్గ్‌లో దింపుతుంది. పక్కనే భిలాయి. దారి పొడుగునా నాకు కాలక్షేపం గూడ్స్ బండ్లే. రాయగడ దాటాక చాలాచోట్ల పాత లైను పక్కన కొత్త లైను కోసం కంకర కుప్పలు పోసి ఉన్నాయి. పాత వంతెనల పక్కన కొత్త వంతెనల స్తంభాలు లేచాయి. రాయ్‌పూర్ దగ్గరపడేసరికి బొగ్గు బండ్లు, సిమెంటు బండ్లు సిగ్నల్ కోసం వరసగా ఆగి ఉన్నాయి. ఆ రాష్ట్రంలో పట్టాలు ఎన్ని వేసినా చాలవని పక్క సీటాయన నవ్వాడు.

పిన్ని వాళ్ళది సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు. బాబాయి ఇంకా ఉక్కు ప్లాంటులోనే పనిచేస్తున్నాడు. మర్నాడు సాయంత్రం లావణ్యకు డ్యూటీ కబురొచ్చింది. ఖాళీ వ్యాగన్లతో దల్లీ రాజహరా గనుల దగ్గరికి వెళ్ళి, అక్కడి రన్నింగ్ రూములో పడుకుని, పొద్దున ఇనుప ఖనిజం లోడుతో తిరిగి రావాలి. "మీరు రేపు అటు వస్తుంటే నేను ఇటు వస్తూ కనబడతానేమో. గ్యారంటీ ఏం లేదు" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడ్డ పిన్ని నా వైపు తిరిగి, "సూసావేటే? ఇంజన్ ఎక్కితే ఫోను ఆపీయాలంట. ఎక్కడున్నాదో, తిన్నాదో లేదో, ఎవుర్ని అడగను?" అంది. ఆమె భయమంతా ఆ ఆగిపోయిన ఫోనులోనే ఉందని అప్పుడర్థమైంది.

మర్నాడు తెల్లవారగానే ఆటోలో దుర్గ్ స్టేషనుకు వెళ్ళాం. నూట యాభై అడిగాడు, బేరం లేదు. ప్యాసింజరు టికెట్లు ఇద్దరికీ కలిపి కొంటే వంద నోటులో చిల్లర మిగిలింది. ఊరు దాటాక వరి కోసిన మళ్ళు, తర్వాత బాలోద్ స్టేషను, ఆ పైన మెల్లగా అడవి వచ్చాయి. పట్టాల పక్కన చెట్ల ఆకులమీద ఎర్రటి ధూళి. ఎదుటి సీటులో సంతకు కూరగాయల గంపతో వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. ఈ లైను ఇప్పుడు దల్లీ రాజహరా దాటి అంతాగఢ్ దిశగా అడవిలోకి సాగిందని, వాళ్ళ అమ్మగారి ఊరు అటేనని చెప్పింది. "లోహా కే లియే బిఛాయే హై దీదీ, ఫిర్ హమన్ భీ చఢ్ గయేన్" అని నవ్వింది. ఇనుము కోసం వేశారు, తర్వాత మేమూ ఎక్కేశాం అని. పిన్ని నవ్వలేదు. కిటికీలోంచి అడవినే చూస్తూ, "ఈ అడివిలోనేనేటి అది రాత్రీపగలూ తిరుగుతున్నాది" అంది.

దల్లీ రాజహరాకు ముందు ఒక చిన్న స్టేషనులో మా బండి ఆగిపోయింది. పావుగంట, అరగంట, ఇంకా ఎక్కువే. దిగి బెంచీ మీద కూర్చున్నాం. ప్లాట్‌ఫాం మీద వేడివేడి భజియాలు వేస్తున్నతన్ని అడిగాను. "మాల్‌గాడీ ఆ రహీ హై. పహలే వో, ఫిర్ ఆప్" అన్నాడు తాపీగా. గూడ్స్ వస్తోంది, ముందు అది, తర్వాతే మీరు అని. పిన్ని చేతిలోని భజియా అలాగే ఉండిపోయింది. "అదేనేటే?" అంది. ఏ గూడ్సో నాకు మాత్రం ఏం తెలుసు?

ముందు కాళ్ళకింద నేల అదిరింది. తర్వాత మలుపులో రెండు ఇంజన్లు కనిపించాయి. స్టేషను మాస్టరు ఆకుపచ్చ జెండాతో బయటికొచ్చి నిలబడ్డాడు. ప్లాట్‌ఫాం రెండో వైపు లైను మీదకి బండి వస్తుంటే, ఇంజన్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఆకుపచ్చ జెండా చూపింది. ఆ చెయ్యి వెనక లావణ్య. జుట్టు బిగించి ముడేసుకుంది. చూపు స్టేషను మాస్టరు మీద, ఆ వెంటనే వెనక్కి తిరిగి వ్యాగన్ల వరస మీద. మేమున్న బెంచీ వైపు చూడలేదు.

"పిలవనా పిన్నీ?" అని లేచాను.

పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వొద్దే. పనిలో ఉన్నాది."

ఆ తర్వాత వ్యాగన్లు, వ్యాగన్లు, వాటి నిండా ఎర్రమట్టిలాంటి ఖనిజం. ఆఖరి వ్యాగను దాటేదాకా పిన్ని నిలబడే ఉంది. చీర మీద ధూళి దులుపుకోలేదు. "అంత బండినీ అది నడుపుతున్నాదే" అంది చివరికి. డ్రైవరు వేరే ఉంటాడని నేను చెప్పలేదు.

దల్లీ రాజహరాలో అన్నం, పప్పు, టమాటా చట్నీ తిని, మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చాం. ఇంటికొచ్చేసరికి లావణ్య స్నానం చేసి సోఫాలో వాలి ఉంది. "ఏం మమ్మీ, చూసావా? ఇప్పుడు చెప్పు, ఆఫీసు పోస్టు అడగనా?" అంది, కాస్త భయంగానే.

పిన్ని వంటింట్లోకి వెళ్తూ, "ముందు నువ్వు లే. అన్నం తిన్నావేటి? ఎండలో అలగ మొకం బైట పెట్టీకు, నల్లబడిపోతావు" అంది. లావణ్య నా వైపు చూసి కళ్ళు మూసుకుని నవ్వింది. ఆ రాత్రి భోజనాల దగ్గర పోస్టు మాట ఇంకెవరూ ఎత్తలేదు.

చూడవలసిన చోట్ల జాబితాలో ఈ లైను ఎక్కడా ఉండదు. కొండలూ జలపాతాల కోసం వెళ్ళేవాళ్ళకు ఇక్కడ దొరికేది ఎర్రధూళి, ఎదురుచూపు మాత్రమే. కానీ మన ఇళ్ళ దూలాల్లో, మనం ఎక్కే బండ్ల కింద ఉన్న ఇనుము ఏ దారిన వస్తుందో చూశాక, ఎక్కడైనా గూడ్స్ కోసం మన బండి ఆగితే విసుగు రాదు. నాకైతే రావడం లేదు. ఆ ఇంజన్‌లో ఎవరి బిడ్డ ఉందోనని కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: ఈ లైనులో ప్యాసింజరు ఎప్పుడు చేరుతుందో గూడ్స్ బండ్లను బట్టే ఉంటుంది, కాబట్టి అదే రోజు దుర్గ్ నుంచి తిరుగు రైలుకు టికెట్ తీసుకోకండి.