నేను చప్పట్లు కొట్టిన వాక్యం

మాది భావనపాడు. రెండేళ్ల కిందట మా ఆయన సముద్రంలో చేపల వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదు. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నూకరత్నం అడిగినప్పుడల్లా, "గాలికి ఒడిశా ఒడ్డుకి కొట్టుకుపోయుంటాదే. మీ అయ్య వచ్చీస్తాడు" అని నవ్వుతూ చెప్పేదాన్ని. లోపల నాకే ఆశ లేదు.

పడవ పోయిన మూడో నెలలో బడికి తల్లిదండ్రుల్ని పిలిచారు. ఇంగ్లీషు టీచరమ్మ బోర్డు మీద 'డిస్ట్రాట్' అని రాసి, ఆ మాటతో వాక్యం చెప్పమంది. ఏ పిల్లా లేవలేదు. మా నూకరత్నం లేచి గడగడా చెప్పేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా కూతురు ఇంగ్లీషు మాట్లాడిందని గట్టిగా చప్పట్లు కొట్టాను. గదిలో ఇంకెవరూ కొట్టలేదు.

"ఏటి మేడమ్, తప్పు సెప్పీసిందా?" అన్నాను.

"తప్పు కాదమ్మా. దుఃఖంతో మనసు చెదిరిపోయినవాళ్లని అలా అంటారు. 'నాన్న ఇక రాడని తెలిసి మా అమ్మ డిస్ట్రాట్ అయిపోయింది, అయినా నా ముందు నవ్వుతుంది' అని చెప్పింది" అంది టీచరమ్మ, నా వైపు చూడకుండా.

దారిలో అడిగాను. "ఒసే, నీకెప్పుడు తెలిసిందే?"

"పడవలొచ్చే యేళకి నువ్వు ఒడ్డుకెళ్లడం మానేసినావు కదమ్మా, అప్పుడే."

నేను దాచాననుకున్నన్నాళ్లూ ఆ పిల్ల ఒక్కత్తే ఏడ్చుకుంది. ఇప్పుడు ఇద్దరం కలిసి ఏడుస్తున్నాం. ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం మా ఇంట్లో ఎవరూ లేరు.